పక్షవాతం: తొలి సంకేతాలు, మన బాధ్యత

(శాఖా కార్యదర్శులు, డిపార్టుమెంటు కార్యకర్తల శిక్షణ తరగతిలో సమాఖ్య పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుండి ఈ తరగతిలో మనం వేతన ఒప్పందాలు, కొత్త కార్మిక కోడ్‌లు, కాంట్రాక్టు కార్మికుల సమస్యలు చర్చించుకున్నాం. ఇప్పుడు కార్యక్రమ పత్రంలో పక్షవాతం అనే అంశం చూచి, ఇది డాక్టరు చెప్పవలసిన విషయం కదా, యూనియన్‌కు దీనితో ఏమి పని అని కొందరు మిత్రులు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మేము వైద్యులం కాము. వైద్యుల వద్ద అడిగి తెలుసుకున్నవి, ఆలస్యంగా అనుభవంలో తెలిసినవి మాత్రమే మీ ముందు ఉంచుతున్నాం.

అయితే ఒక్క మాట. ఈ జబ్బులో రోగి భవిష్యత్తు మొదటి కొద్ది గంటలలో తేలిపోతుంది. ఆ గంటలు గడిచేది ఆసుపత్రిలో కాదు. మిల్లులో, గనిలో, బస్సు డిపోలో, బీడీ ఖార్ఖానాలో, మన బస్తీ ఇళ్ళలో గడుస్తాయి. అక్కడ డాక్టరు ఉండడు, పక్క యంత్రం మీద పనిచేసే తోటి కార్మికుడు ఉంటాడు. కనుక మొదట గుర్తించవలసినవాడు అతడే. ఆ తోటి కార్మికునికి నేర్పవలసిన బాధ్యత యూనియన్‌ది. ఈ బాధ్యతలో మేము ఒకసారి విఫలమయ్యాం. ఆ సంగతి చెప్పిన తరువాతనే మిగిలిన విషయానికి వస్తాం.

మేము గెలిచిన ఒక కేసు

సుమారు పదిహేనేళ్ళ క్రితం మాట. తెలుగు ప్రాంతానికి దూరంగా, పశ్చిమ భారతంలోని ఒక పారిశ్రామిక పట్టణం. నల్లగొండ, కరీంనగర్, వరంగల్, పాలమూరు ప్రాంతాల నుండి తరతరాలుగా మన చేనేత కుటుంబాలవారు అటువంటి పట్టణాలకు పోయి మగ్గాల మీద బ్రతుకుతున్న సంగతి మీకు తెలిసినదే. అక్కడ ఒక వస్త్ర మిల్లులో నల్లగొండ జిల్లా నుండి వచ్చిన ఒక మగ్గం కార్మికుడు ఉండేవాడు. వయస్సు నలభై అయిదు దాటలేదు. మన యూనియన్ సభ్యుడు. పనిలో చేయి తిరిగినవాడు.

ఒకనాటి రాత్రి షిఫ్టులో, రెండు గంటల ప్రాంతంలో, తెగిన పోగును అతడు ముడివేయలేకపోయాడు. ఇరవై అయిదేళ్ళుగా కళ్ళు మూసుకొని వేసే ముడి అది. రెండుసార్లు ప్రయత్నించాడు. పోగు చేతిలోనుండి జారిపోయింది. నడవబోయి మగ్గం మీద తూలాడు. సూపర్‌వైజరు వచ్చి ఏమిటని అడిగితే అతని మాట ముద్దముద్దగా వచ్చింది. ఆ సూపర్‌వైజరుకు తెలుగు రాదు. తాగి పనికి వచ్చాడని తీర్మానించి, అతనిని వాచ్‌మన్ గదిలో బల్లపై కూర్చోబెట్టి, ఛార్జిషీటు సిద్ధం చేయమని టైం ఆఫీసుకు కబురు చేశాడు.

మూడు గంటలకు మాకు కబురు వచ్చింది. మేము ముగ్గురం వెళ్ళాం. వెళ్ళి ఏమి చేశాం? టైం ఆఫీసులో వాదనకు దిగాం. మా సభ్యుడు తాగే మనిషి కాడు, ఛార్జిషీటు ఇస్తే ఉదయం షిఫ్టు లోపలికి పోదు అని గట్టిగా చెప్పాం. వాదన గంటకు పైగా సాగింది. వారు మెత్తబడ్డారు. సంతోషంతో గదిలోకి వెళ్ళి చూస్తే అతడు నిద్రపోతున్నాడు. అలసిపోయాడు, పడుకోనివ్వండి అన్నాం. ఆరు గంటలకు ఆటోలో ఇంటికి పంపించాం. పది గంటలకు భార్య లేపబోతే కుడి చేయి, కుడి కాలు కదలలేదు. నోట మాట లేదు.

ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: ఇతడు చివరిసారిగా బాగుండగా చూచినది ఎప్పుడు? సమాధానం చెప్పడానికి మాకు నోరు రాలేదు. రెండు గంటలకు మొదలైనదని లెక్క వేసి చెప్పాం. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షనుకు నాలుగున్నర గంటల గడువు ఉన్నదనీ, ఆరున్నర లోపున తెచ్చి ఉంటే దానిని ఆలోచించడానికి వీలుండేదనీ ఆయన చెప్పారు. ఆ ఆసుపత్రి మిల్లుకు అరగంట దూరం. మూడు గంటలకే మేము అక్కడ ఉన్నాం. అతని ఉద్యోగం కోసం మేము వాదిస్తుండగానే అతని చేయి పోయింది.

తరువాత మరొక సంగతి తెలిసింది. అంతకు మూడు రోజుల ముందు క్యాంటీనులో టీ గ్లాసు అతని చేతిలోనుండి జారిపడింది. చేయి మొద్దుబారినదని, మూతి లాగినట్టున్నదని చెప్పాడట. పది నిమిషాలలో అంతా సర్దుకున్నది. పక్కవారు నవ్వి ఊరుకున్నారు. అతడూ నవ్వి పనిలోకి పోయాడు.

వైద్య పరీక్షలో మద్యం తాగిన ఆనవాలు లేదని తేలింది. ఛార్జిషీటు ఆలోచనను యాజమాన్యం పూర్తిగా వదులుకున్నది. మేము గేటు మీటింగు పెట్టి దానిని విజయంగా ప్రకటించాం. ఆ మీటింగుకు అతనిని భార్య నడిపించుకొని తీసుకువచ్చింది. కుడి చేతిని ఎడమ చేతితో పట్టుకొని ముందు వరుసలో కూర్చున్నాడు. మాట్లాడమని మైకు ఇచ్చాం. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. ఆ నాటి నుండి ఈ విషయం ప్రతి తరగతిలో చెప్పాలని మేము నిర్ణయించుకున్నాం.

జబ్బు ఏమిటి, తొందర ఎందుకు

పక్షవాతాన్ని మన పల్లెలలో గాలి సోకిందని, వాతం కమ్మిందని అంటారు. ఇది గాలి వలన, దృష్టి వలన వచ్చేది కాదు. చేతికో కాలికో వచ్చిన జబ్బూ కాదు. ఇది మెదడుకు వచ్చిన ప్రమాదం. శరీర బరువులో మెదడు నూటికి రెండు వంతులు మాత్రమే. కాని శరీరం వాడే ప్రాణవాయువులో అయిదవ వంతు దానికే కావాలి. రక్తం అందని మెదడు భాగం నిమిషాలలో చచ్చిపోవడం మొదలవుతుంది.

ఇది రెండు రకాలు. మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డుపడడం ఒకటి. ఎక్కువ కేసులు ఈ రకానివే. రక్తనాళం చిట్లి మెదడులో రక్తం కారడం రెండవది. బయట నుండి చూచి ఏది ఏదో డాక్టరు కూడా చెప్పలేడు. తల స్కానింగు తీస్తేనే తెలుస్తుంది. మెదడు కుడి భాగం దెబ్బతింటే శరీరం ఎడమ పక్క, ఎడమ భాగం దెబ్బతింటే కుడి పక్క పడిపోతాయి. సాధారణంగా మాటకు సంబంధించిన కేంద్రం ఎడమ భాగంలో ఉంటుంది. కుడి చేయితో పాటు మాట పోవడానికి కారణం ఇదే.

పెద్ద రక్తనాళం మూసుకుపోయినపుడు చికిత్స లేకుండా గడిచే ప్రతి నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో లెక్క కట్టారు. మన చిన్నతనంలో ఈ జబ్బుకు చికిత్స అంటే తైలం మర్దన, ఆపైన దైవాధీనం. ఆ కాలం పోయింది. గడ్డను కరిగించే ఇంజెక్షను మూడు గంటల లోపున ఇస్తే మేలు చేస్తుందని 1995లో అమెరికాలో జరిగిన పరీక్షలు నిరూపించాయి. 2008లో ఐరోపా పరీక్షలు ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచాయి. తొడ దగ్గర రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి గడ్డను బయటకు లాగే పద్ధతి ఫలితమిస్తుందని 2015లో స్థిరపడింది. ఎంపిక చేసిన కొందరిలో 24 గంటల వరకు కూడా అది ఉపయోగపడగలదని 2018 నాటికి తేలింది. ఎంత త్వరగా చేస్తే ఫలితం అంత మెరుగు. అయితే ఈ చికిత్సలన్నీ గడ్డ అడ్డుపడిన రకానికే. రక్తం కారిన చోట ఆ ఇంజెక్షను ఇస్తే ప్రాణం పోవచ్చు. కనుకనే స్కానింగు ముందు, మందు తరువాత.

మూతి, చేయి, మాట, గడియారం

1998లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో అంబులెన్సు సిబ్బంది కోసం ఒక సులభమైన పరీక్షను తయారుచేశారు. ముఖం, చేయి, మాట పరీక్షించాలి, సమయం చూడాలి. ఇంగ్లీషులో దానికి ‘ఫాస్ట్’ అని పేరు. మన కార్యకర్తలు దానిని తెలుగులో నాలుగు మాటలుగా గుర్తుంచుకోవాలి: మూతి, చేయి, మాట, గడియారం.

మూతి: అతనిని నవ్వమనండి, పళ్ళు చూపించమనండి. ఒక పక్క మూతి జారినదా, ఒక పక్కకే నవ్వు వచ్చినదా చూడండి. తాగిన నీరు ఒక మూల నుండి కారిపోతున్నదని అతడే చెప్పవచ్చు.

చేయి: రెండు చేతులు ముందుకు చాచి, అరచేతులు పైకి పెట్టి, కళ్ళు మూసుకొని పది లెక్కపెట్టే వరకు నిలపమనండి. ఒక చేయి దానంతట అది కిందికి జారినదా చూడండి. కాలు కూడా అట్లే బలహీనపడవచ్చు. ఒక కాలి చెప్పు జారిపోతున్నా అతనికి తెలియకపోవచ్చు.

మాట: ఒక చిన్న వాక్యం చెప్పి తిరిగి చెప్పమనండి. ‘ఈ నెల జీతం రాగానే ఇంటికి డబ్బు పంపాలి’ అన్నంత సులువైనది చాలు. ముద్దగా పలికినా, ఒక మాటకు మరొక మాట పలికినా, మీరు చెప్పినది అర్థం కాక వెర్రిచూపు చూచినా అది సంకేతమే. ఇక్కడ ఇతర రాష్ట్రాలలో పనిచేసే తెలుగువారు ఒక విషయం గమనించాలి. ఈ పరీక్ష రోగి మాతృభాషలోనే చేయాలి. భివండీలో, సూరత్‌లో, ఖరగ్‌పూర్‌లో, జంషెడ్‌పూర్‌లో సూపర్‌వైజరుకు తెలుగు రాకపోతే మన మనిషి మాట సరిగా ఉన్నదో లేదో అతడు నిర్ణయించలేడు. పక్కన ఉన్న తెలుగువాడే నిర్ణయించాలి. అట్లే మన షాపులోని ఒరియా, బీహారీ సోదరుల విషయంలో వారి భాష తెలిసినవానిని పిలవాలి.

గడియారం: పై మూడింటిలో ఏ ఒక్కటి అకస్మాత్తుగా కనిపించినా వెంటనే గడియారం చూడండి. చివరిసారిగా అతడు బాగుండగా ఎవరు, ఏ సమయానికి చూచారో తెలుసుకొని కాగితం మీద రాయండి. ఆసుపత్రిలో మొదట అడిగేది అదే. నిద్రలో వచ్చిన జబ్బుకు, పడుకున్న సమయం నుండే గడువు లెక్కిస్తారు. ఇందుకే ‘కాసేపు పడుకోనివ్వండి’ అనే మాట ప్రమాదకరం.

ఈ నాలుగింటికి మరి మూడు చేర్చుకోవాలి. అకస్మాత్తుగా తూలిపోవడం, నిలబడలేకపోవడం. అకస్మాత్తుగా ఒక కంటికి గాని, రెండు కళ్ళలో ఒక పక్క గాని చూపు పోవడం, లేదా ఒకటి రెండుగా కనిపించడం. మునుపెన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి పిడుగు పడినట్లు రావడం. వాంతి కూడా కావచ్చు. అన్నిటిలోనూ ముఖ్యమైన మాట ‘అకస్మాత్తుగా’ అన్నదే.

కార్మికునికి ఈ సంకేతం తరచుగా పనిలోనే మొదట కనిపిస్తుంది. మగ్గం కార్మికుడు పోగు ముడివేయలేడు. ఫిట్టరు చేతిలోనుండి పానా జారిపోతుంది. బస్సు డ్రైవరు ఒక పక్కకే బండి లాగుతాడు. గుమాస్తా సంతకం వంకర పోతుంది. బీడీలు చుట్టే సోదరి చేతిలో కత్తెర నిలవదు. రోజూ చేసే పని హఠాత్తుగా చేతకాకపోతే దానిని నిర్లక్ష్యంగానో, సోమరితనంగానో, స్త్రీల విషయంలో నీరసంగానో కొట్టిపారేయకండి. అది బహుశా మెదడు చేస్తున్న ఫిర్యాదు.

మనం చేసే పొరపాట్లు

మొదటి పొరపాటు, తాగాడనుకోవడం. తూలే నడక, ముద్ద మాట రెండింటిలోనూ ఉంటాయి. తేడా తేల్చవలసినది డాక్టరు, మేస్త్రీ కాదు. ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. తాగినవానికి పక్షవాతం రాదని ఏమీ లేదు, పైగా అధికంగా తాగేవానికి ఆ ప్రమాదం ఎక్కువ. నోటి నుండి వాసన వచ్చినా మూతి వంకర పోయినవానిని ఆసుపత్రికే తీసుకుపోవాలి. క్రమశిక్షణ చర్య మరునాడు కూడా తీసుకోవచ్చు, మన వాదన కూడా మరునాడు చేయవచ్చు.

రెండవ పొరపాటు, తగ్గిపోయిందని ఊరుకోవడం. కొన్ని నిమిషాలలోనో గంటలోనో సంకేతాలన్నీ మాయం కావచ్చు. గడ్డ వచ్చి, తాత్కాలికంగా అడ్డుపడి, కరిగిపోయిందని అర్థం. దీనిని చిన్న స్ట్రోకు అంటారు. ఇది క్షేమం కాదు, హెచ్చరిక. దీని తరువాత పెద్ద స్ట్రోకు వచ్చే ప్రమాదం మొదటి రెండు రోజులలోనే అన్నిటికంటె ఎక్కువ. మా మిత్రుని చేతిలో టీ గ్లాసు జారిన నాడు ఎవరైనా అతనిని ఆసుపత్రికి తీసుకుపోయి ఉంటే మేము ఈ రోజు వేరొక కథ చెప్పేవాళ్ళం.

మూడవ పొరపాటు, సొంత వైద్యం. పావురం రక్తం పూయడం, తైలం రాయడం, నాటు మందు పోయించడం, చేతిలో తాళం చెవి పెట్టడం వలన ఏమీ ఒరగదు, గంటలు మాత్రం పోతాయి. నోట్లో నీళ్ళు, టీ, నిమ్మరసం పోయకండి. మింగే శక్తి పోయి ఉండవచ్చు, అది ఊపిరితిత్తులలోకి పోతుంది. ఆస్పిరిన్ మాత్ర ఇవ్వకండి. గుండెపోటుకు ఇస్తారని విని కొందరు ఇస్తున్నారు. మెదడులో రక్తం కారుతూ ఉంటే ఆ మాత్ర హాని చేస్తుంది. బి.పి. ఎక్కువగా ఉన్నదని అక్కడికక్కడ తగ్గించే మాత్ర కూడా ఇవ్వకండి.

నాలుగవ పొరపాటు, తప్పు ఆసుపత్రికి పోవడం. దగ్గరలో ఉన్నదని స్కానింగు లేని చిన్న నర్సింగ్ హోముకు తీసుకుపోతే అక్కడ సెలైను పెట్టి, రెండు గంటలు గడిపి, పెద్ద ఆసుపత్రికి పంపుతారు. ఆ రెండు గంటలు తిరిగి రావు.

మరి చేయవలసినది ఏమిటి? యంత్రం ఆపండి. మనిషిని యంత్రానికి దూరంగా తెచ్చి పడుకోబెట్టండి. స్పృహ తప్పినా, వాంతి అవుతున్నా ఒక పక్కకు తిప్పండి. బిగువు బట్టలు వదులు చేయండి. 108కి గాని 112కి గాని ఫోను చేసి ‘పక్షవాతం అనుమానం’ అని స్పష్టంగా చెప్పండి. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై, తరువాత అనేక రాష్ట్రాలకు వ్యాపించింది. అది ఆలస్యమైతే కంపెనీ వాహనాన్ని తీయించండి. మనిషి షుగరు రోగి అయితే ఆ సంగతి చెప్పండి. రక్తంలో చక్కెర పడిపోయినా ఇటువంటి సంకేతాలే రావచ్చు, వారు వెంటనే పరీక్షిస్తారు. వాడే మందుల చీటీ వెంట తీసుకుపోండి. సమయం తెలిసిన సాక్షి ఒకరు తప్పక వెంట వెళ్ళాలి. ఆ వెళ్ళినవానికి ఆ షిఫ్టు జీతం కోయకూడదు. ఇది మన డిమాండు.

ఎవరికి వస్తుంది, ఎందుకు వస్తుంది

దీనికి మూలకారణాలలో మొదటిది రక్తపు పోటు. 140/90 దాటి నిలిచిన పోటు నొప్పి పెట్టదు, జ్వరం తేదు, పని ఆపదు. మౌనంగా రక్తనాళాలను పాడుచేస్తుంది. మన సభ్యులలో చాలామంది మాత్రలు నెల రోజులు వేసుకొని, బాగున్నదని మానేస్తారు. మాత్ర వలన బాగున్నదన్న సంగతి మరచిపోతారు. షుగరు, బీడీ, సిగరెట్టు, అతిగా మద్యం, ఉప్పు ఎక్కువైన తిండి, సరిగా కొట్టుకోని గుండె మిగిలిన కారణాలు. రోజుకు ఉప్పు 5 గ్రాములకు, అంటే ఒక టీ చెంచాకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పచ్చడి, అప్పడం, ఊరగాయతో పూట గడిపే మన ఇళ్ళలో ఈ మాట చెప్పడం సులభం కాదు. కాని చెప్పక తప్పదు.

అయితే తప్పంతా కార్మికుని అలవాట్లదే అనేవారితో మేము ఏకీభవించము. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒక అధ్యయనం ప్రకటించాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుండి 40 గంటలు పనిచేసేవారికంటె పక్షవాతం ప్రమాదం 35 శాతం ఎక్కువ అని అందులో తేలింది. అట్టి దీర్ఘ పనిగంటల కారణంగా ఒక్క 2016 సంవత్సరంలోనే ప్రపంచంలో 3 లక్షల 98 వేల మంది పక్షవాతంతో మరణించారని అది అంచనా వేసింది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అనే సూత్రం 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొట్టమొదటి ఒడంబడికలోనే ఉన్నది. వంద సంవత్సరాల తరువాత పన్నెండు గంటల షిఫ్టులు, డబుల్ డ్యూటీలు, గేటు బయట మరొక పని చేస్తున్న కార్మికుని చూస్తున్నాం. ఎనిమిది గంటల పని మన తాతల నాటి నినాదం మాత్రమే కాదు. అది మెదడును కాపాడే మందు కూడా.

యూనియన్ కోరవలసినవి, చేయవలసినవి

ప్రతి 150 మందికి ఒక ప్రథమ చికిత్స పెట్టె, 500 మందికి మించి పనిచేసే చోట అంబులెన్సు గది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం విధించింది. చట్టాలు కోడ్‌లుగా మారాయి. అవసరం మారలేదు. కాని దూదీ, అయోడిన్ ఉన్న పెట్టె వలన పక్షవాతం ఆగదు. కనుక ప్రతి శాఖ ఈ క్రింది విషయాలను యాజమాన్యం ముందు పెట్టాలని సమాఖ్య కోరుతున్నది.

ఒకటి, ఇరవై నాలుగు గంటలూ తల స్కానింగు, ఇంజెక్షను సౌకర్యం ఉన్న ఆసుపత్రులు ఏవో విచారించి, వాటి పేర్లు, దూరం, ఫోను నంబర్లు గేటు దగ్గర, క్యాంటీనులో, టైం ఆఫీసులో రాయించాలి. ఈ విచారణకు యాజమాన్యం కోసం ఎదురుచూడవద్దు. శాఖా కార్యదర్శి స్వయంగా పోయి అర్ధరాత్రి కూడా స్కానింగు తీస్తారా అని అడిగి రావాలి.

రెండు, మూతి, చేయి, మాట పరీక్షను సూపర్‌వైజర్లకు, వాచ్‌మన్లకు, కాంట్రాక్టు మేస్త్రీలకు కూడా నేర్పాలి. తాగాడన్న అనుమానం వచ్చిన ప్రతి కార్మికునికి మొదట ఈ పరీక్ష జరగాలి, తరువాతే రిపోర్టు.

మూడు, నెలకు ఒకసారి జీతాల రోజున గేటు దగ్గర బి.పి. చూడాలి. యంత్రం ఖరీదు ఒక బ్యానరు ఖర్చును పెద్దగా మించదు. కాంట్రాక్టు కార్మికులను ఆ వరుసలో ముందు నిలపండి. వారిని చూచేవారు మరెవరూ లేరు.

నాలుగు, జబ్బుపడినవాని హక్కులు. ఇ.ఎస్.ఐ. పథకం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో ప్రారంభమైంది. దాని దీర్ఘవ్యాధుల జాబితాలో ఒక పక్క శరీరం చచ్చుబడడం కూడా ఉన్నది. మామూలు జబ్బు భత్యం 91 రోజులతో ముగిసిన తరువాత, అర్హత ఉన్నవారికి 80 శాతం వేతనంతో రెండేళ్ళ వరకు పొడిగింపు దొరుకుతుంది. ఇది తెలియక ఎందరో మూడు నెలలకే రాజీనామా రాసి ఇస్తున్నారు. రాయనివ్వకండి. ప్రభుత్వ సంస్థలలో సర్వీసులో ఉండగా వికలాంగుడైన ఉద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని, చేయగల మరొక పనిలోకి అదే వేతనంతో మార్చాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతున్నది. ప్రైవేటు పరిశ్రమలలో ఈ రక్షణను ఒప్పందాల ద్వారా మనమే సాధించుకోవాలి. చేయి పట్టు పోయినవాడు బియ్యం మూట మోయలేడు, కాని గేటు రిజిస్టరు చూడగలడు, కొత్తవారికి పని నేర్పగలడు.

అయిదు, ఇంటివారికి చెప్పాలి. ఈ జబ్బు తెల్లవారుజామున ఇంట్లో కూడా వస్తుంది. మహిళా విభాగం బస్తీ సమావేశాలలో ఈ నాలుగు మాటలను పిల్లలకు కూడా కంఠస్థం చేయించాలి. తాతయ్య మూతి వంకర పోయిందని మొదట చూచేది చాలాసార్లు పిల్లలే. ప్రతి సంవత్సరం అక్టోబరు 29 ప్రపంచ పక్షవాత దినం. ఆ వారంలో ప్రతి శాఖ ఒక గేటు మీటింగు దీనికోసం పెట్టాలి.

మిత్రులారా,

యూనియన్ అంటే వాదించే సంస్థ. వాదన మన ఆయుధం. ఆ రాత్రి కూడా మేము ఆ ఆయుధాన్నే పట్టాం, బాగానే పట్టాం, గెలిచాం కూడా. కాని అక్కడ కావలసినది వాదన కాదు, ఒక బండి. మా అజ్ఞానానికి వెల మరొకరు చెల్లించారు. ఆ కుటుంబం తరువాత ఊరికి తిరిగి వెళ్ళిపోయింది.

మీలో ప్రతి ఒక్కరూ తిరిగి మీ షాపుకు పోయిన తరువాత, మొదటి టీ విరామంలోనే పక్కనున్న ఇద్దరికి ఈ పరీక్ష చేసి చూపించండి. వారు నవ్వుతారు. నవ్వనివ్వండి. రెండు మూతి కొసలూ సమానంగా లేచాయో లేదో అప్పుడే చూచుకోండి. రేపు ఏ రాత్రి షిఫ్టులోనైనా ఒకని చేతిలోనుండి పోగు జారితే, ఆ ఇద్దరిలో ఒకడు గడియారం చూస్తాడు. ఈ తరగతి నుండి మేము ఆశించేది ఇంతే.